రుసుము పెరిగిన ప్రయాణ కార్డు: ఉంచుకోవాలా, వదులుకోవాలా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట, ఉద్యోగంలో పదోన్నతి వచ్చిన ఏడాది, ప్రయాణ రివార్డుల క్రెడిట్ కార్డు ఒకటి తీసుకున్నాను. అప్పట్లో నెలకు రెండు మూడు సార్లు విమానం ఎక్కేదాన్ని. ఇప్పుడు పని చాలావరకు ఇంటి నుంచే. నిరుడు మొత్తం మీద మూడు ప్రయాణాలే చేశాను, అన్నీ పిల్లల సెలవుల్లోనే. అందులో ఒకటి విదేశంలో ఉన్న అక్క దగ్గరికి. ఈలోగా కార్డు వార్షిక రుసుము దాదాపు ఒకటిన్నర రెట్లయింది. విమానాశ్రయంలోని లాంజ్‌లోకి (విశ్రాంతి గదిలోకి) వెళ్లాలంటే అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలని కొత్త నిబంధన కూడా పెట్టారు. ఖాతాలో 46,000 పాయింట్లున్నాయి. దండగ ఖర్చు, రద్దు చేసెయ్యమని మావారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నాన్నను మొదటిసారి విమానం ఎక్కించిన రోజు ఆ లాంజ్‌లోనే కూర్చోబెట్టాను. పైగా రద్దు చేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుందని విన్నాను. వచ్చే ఏడాది ఇంటి రుణం తీసుకోవాలని ఉంది. నిరుడు రెండు నెలలు బిల్లు పూర్తిగా కట్టలేకపోయాను, ఆ సంగతీ దాచడం లేదు. రుసుము పడటానికి ఇంకా ఏడు వారాలుంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ఉత్తరంతో పాటు నిరుటి ఖర్చుల పట్టీ కూడా పంపారు. అందువల్ల ఊహల మీద కాకుండా అంకెల మీద మాట్లాడగలుగుతున్నాను. మీ అసలు మొత్తాలను ఇక్కడ వేయడం లేదు. కొత్త వార్షిక రుసుమును 100 అనుకుని, మిగతా అంకెలన్నీ ఆ కొలతలోకి మార్చాను. ఏ కరెన్సీలో కార్డు వాడేవారైనా తమ రుసుమును 100గా పెట్టుకుని ఇదే లెక్క వేసుకోవచ్చు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇప్పుడున్న రుసుముకు, ఇప్పుడు మీరు చేస్తున్న ప్రయాణాలకు ఈ కార్డు కొనసాగించవద్దు. అలాగని రేపే ఫోన్ చేసి రద్దు చేయనూ వద్దు. ఈ రెంటి నడుమ చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి వరుస తప్పితే పాయింట్లు పోతాయి, ఇంటి రుణం దగ్గర ఇబ్బంది రావచ్చు.

ఆరేళ్లలో ఈ కార్డు మీకు చాలా ఇచ్చింది. నెలకు మూడు సార్లు విమానాశ్రయానికి వెళ్లే మనిషికి అది నిజంగా మంచి బేరమే. కానీ ఆ లెక్క ఆ ఏళ్లతోనే తీరిపోయింది. వార్షిక రుసుము అంటే రాబోయే పన్నెండు నెలలకు ముందుగా కట్టే అద్దె. గదిలో ఉండని నెలలకు అద్దె కడతామా? అందుకే ప్రతి ఏటా ఈ కార్డును కొత్తగా తీసుకుంటున్నట్టే ఆలోచించాలి. ఇవాళ ఎవరైనా మీ ఇంటికి వచ్చి, ఇదే రుసుముకు ఇవే సౌకర్యాలు చూపించి, తీసుకుంటారా అని అడిగితే ఏమంటారు? మీ ఉత్తరం చదివినంతవరకు, తీసుకోరనే నాకనిపించింది.

ఇక పాయింట్ల సంగతి. నిరుడు మీరు ఈ కార్డు మీద 9,000 ఖర్చు పెట్టారు. అందులో ప్రయాణాలకు 1,500, మిగతా 7,500 ఇంటి ఖర్చులు. ప్రయాణాలకు మూడు రెట్ల పాయింట్లు కాబట్టి 4,500, మిగతా వాటికి 7,500, కలిపి 12,000 పాయింట్లు వచ్చాయి. బాగానే ఉంది. అయితే పాయింటు అనేది డబ్బు కాదు, దేనికి వాడితే దాన్ని బట్టి దాని విలువ మారుతుంది. నిరుడు మీరే రెండు విధాలుగా వాడారు. ఒకసారి 10,000 పాయింట్లతో టికెట్ తీసుకున్నారు. ఆ టికెట్ డబ్బు పెట్టి కొంటే 180. పాయింట్లు వాడినా పన్నులు, ఇతర రుసుముల కింద 40 చేతి నుంచి కట్టారు. అంటే 10,000 పాయింట్లు మీకు మిగిల్చింది 140, పాయింటుకు 0.014. రెండోసారి, కావలసిన తేదీల్లో సీటు దొరక్క, మరో 10,000 పాయింట్లను బిల్లులో సర్దుబాటు చేయించుకున్నారు. అప్పుడు వచ్చింది 50 మాత్రమే, పాయింటుకు 0.005. ఒకే పాయింటు, దాదాపు మూడు రెట్ల తేడా.

పన్నుల భాగం తీసేయడం చాలామంది మరచిపోతారు. టికెట్ ధర మొత్తాన్ని పాయింట్లతో భాగించి, తమ పాయింటు ఎంతో విలువైనదని సంతోషిస్తారు. చేతి నుంచి కట్టిన మొత్తం తీసేశాక మిగిలిందే పాయింట్లు ఇచ్చిన లాభం. ఇంకో మాట. డబ్బుతో ఎన్నడూ కొనని ఖరీదైన తరగతి టికెట్‌ను పాయింట్లతో తీసుకుని, దాని పూర్తి ధరను లాభంగా వేసుకోకూడదు. మీరు జేబులోంచి పెట్టి ఉండేది ఎంతో అంతవరకే లెక్కలోకి తీసుకోండి.

మీ రెండు వాడకాల సగటు కన్నా కాస్త ఎక్కువే, పాయింటుకు 0.01 వేశాను. 12,000 పాయింట్లు అంటే 120. ఇది చూసి, రుసుము 100 పోగా 20 లాభమే కదా అనుకుంటారు. అక్కడే పొరపాటు. మీ దగ్గర రుసుము లేని రెండో కార్డు ఒకటి ఉంది, అది ప్రతి ఖర్చు మీదా 1 శాతం వెనక్కిస్తుంది. అదే 9,000 ఆ కార్డు మీద పెట్టి ఉంటే ఏ రుసుమూ లేకుండా 90 వచ్చేది. కాబట్టి పాయింట్ల వల్ల మీకు అదనంగా వచ్చింది 120 కాదు, 30. ప్రయాణ కార్డును ఏ కార్డూ లేకపోవడంతో పోల్చకూడదు, చేతిలో ఉన్న ఉచిత కార్డుతో పోల్చాలి. ఈ ఒక్క మెట్టు దాటేయడం వల్లే ఎంతోమంది ఏళ్ల తరబడి రుసుము కడుతూ, లాభంలోనే ఉన్నామని నమ్ముతుంటారు.

తర్వాత లాంజ్. నిరుడు నాలుగు సార్లు వెళ్లారు. లాంజ్ గుమ్మం దగ్గర రాసి ఉండే ప్రవేశ ధరను ఇక్కడ వేసుకోవద్దు. కార్డు లేకపోతే మీరు ఆ ధర కట్టి లోపలికి వెళ్లేవారా? బయట కూర్చుని ఏదో తిని, తాగి ఉండేవారు. ఆ ఖర్చును, కాస్త ప్రశాంతతకు మరికొంతను కలిపి, సారికి 6 వేశాను. నాలుగు సార్లకు 24. కొత్త నిబంధన వల్ల ఈ ఏడాది నాలుగూ దొరుకుతాయన్న హామీ లేదు, అయినా పూర్తిగానే వేశాను.

విదేశీ కరెన్సీలో కొన్నప్పుడు చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం వరకు మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తాయి. మీ ప్రయాణ కార్డుకు అది లేదు, రెండో కార్డుకు 3 శాతం ఉంది. అక్క దగ్గరికి వెళ్లినప్పుడు 600 ఖర్చు పెట్టారు, అక్కడ 18 మిగిలింది. ఇది నికరమైన లాభం, ఎవరూ కాదనలేరు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. విదేశంలో కార్డు యంత్రం మీ సొంత కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దనండి. ఆ మారకపు రేటు దుకాణం తరఫువాళ్లు పెట్టేది, సాధారణంగా మీకు నష్టమే. అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మార్కప్ లేని కార్డు ఉండి కూడా ఈ ఒక్క బొత్తాం దగ్గర ఆ లాభం పోగొట్టుకునేవారున్నారు.

కార్డుతో వచ్చే ప్రయాణ బీమాకు నేను సున్నా వేశాను. చెడ్డదని కాదు. నిబంధనలు చదివితే, టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలని, ఆలస్యం ఇన్ని గంటలు దాటాలని, కుటుంబంలో ఫలానా వారికే వర్తిస్తుందని ఉంటుంది. మీ నాన్నగారికి అది వర్తించదని తెలిసి మీరు విడిగా పాలసీ కొంటూనే ఉన్నారు. విడిగా కొంటున్నంత కాలం కార్డు బీమా మీకు మిగిల్చేది ఏమీ లేదు.

హోటల్ కూపన్ గురించి రాసింది చదివి కొంచెం బాధపడ్డాను. 25 విలువ చేసే కూపన్ గడువు ముగిసిపోతోందని వారాంతానికి ఒక ప్రయాణం పెట్టుకుని, మొత్తం మీద 60 ఖర్చు చేశారు. పిల్లలు సంతోషించారన్నారు, ఆ సంతోషం నిజమే. కానీ ఆ ప్రయాణం మీరు కోరుకున్నది కాదు, కూపన్ కోరుకున్నది. ఇలాంటి వాటిని లాభం వైపు వేయకూడదు. ఇన్ని నెలల్లో ఇంత ఖర్చు చేస్తే అదనపు పాయింట్లు అని చెప్పే లక్ష్యాలదీ ఇదే తీరు. లక్ష్యానికి కొద్దిగా తక్కువ పడిందని అవసరం లేనిది ఒకటి కొంటే, వచ్చే పాయింట్ల విలువకు ఎన్నో రెట్లు అక్కడే పోతుంది.

పాయింట్లకు 30, లాంజ్‌కు 24, మార్కప్‌కు 18. మొత్తం 72. రుసుము 100. నిరుటి తీరే కొనసాగితే మీరు 28 చేతి నుంచి వేసుకుంటున్నట్టు.

ఈ లెక్కను తిరగేయగల అంశాలు రెండున్నాయి. వాటిని చెప్పకుండా వదిలేస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మొదటిది, మీరు పాయింట్లన్నీ టికెట్లకే, 0.014 చొప్పున వాడగలిగితే 12,000 పాయింట్ల విలువ 168 అవుతుంది. ఉచిత కార్డు ఇచ్చే 90 పోగా 78. అప్పుడు మొత్తం 120, రుసుము తిరిగొచ్చినట్టే. ఇది సాధ్యమేనా? వారం మధ్యలో, రద్దీ లేని నెలల్లో వెళ్లగలిగేవారికి సాధ్యమే. మీరు పిల్లల సెలవుల్లో తప్ప కదలలేరు. విమానాలు డబ్బు పెట్టి కొనేవారితోనే నిండిపోయే రోజులవి. పాయింట్లకు సీట్లు ఇవ్వవలసిన అవసరం ఆ రోజుల్లో ఏ సంస్థకూ ఉండదు. పిల్లలు పెద్దవారయ్యాక ఈ కార్డు మీకు మళ్లీ పనికిరావచ్చు, ఇప్పుడు కాదు.

రెండోది, వచ్చే ఏడాది అక్క దగ్గరికి రెండుసార్లు వెళ్లవచ్చని పట్టీ చివర రాశారు. అలా వెళ్తే మార్కప్‌లో ఇంకో 18, లాంజ్‌లో 12, మరికొన్ని పాయింట్లు కలిసి మొత్తం 110 దాకా వస్తుంది. ‘వెళ్లవచ్చు’ అన్న మాటకు ముందుగా రుసుము కట్టకండి. ఏడు వారాల్లోగా ఆ రెండో ప్రయాణానికి టికెట్లు కొనేస్తే అది లెక్కలోకి వస్తుంది. లేదంటే రాదు. ఆ 110 కూడా నన్ను పెద్దగా ఒప్పించడం లేదు. రుసుము ఖాయంగా పోతుంది, ప్రయోజనాలు అన్నీ కలిసొస్తేనే వస్తాయి. ఆ రెంటి మధ్య గట్టి వ్యత్యాసం, కనీసం ఒకటిన్నర రెట్లు, లేకపోతే నేనైతే కట్టను.

ఇప్పుడు మీరు దాచకుండా చెప్పిన ఆ రెండు నెలల సంగతి. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. ఆ రెండు నెలలకు మీకు పడిన వడ్డీ 38. ఏడాది పొడవునా పోగైన పాయింట్ల అదనపు లాభం 30. చాలా దేశాల్లో క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం పైమాటే. 24 శాతం అనుకున్నా నెలకు 2 శాతం. ఖర్చు మీద 2 శాతం రివార్డు ఇచ్చే కార్డు అయినా, ఒక్క నెల బాకీ మోస్తే ఇచ్చిందంతా వెనక్కి తీసుకున్నట్టే. పైగా పాత బాకీ ఉండగా చేసే కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు సాధారణంగా వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ 38ని నేను ప్రయాణ కార్డు ఖాతాలో నష్టంగా వేయలేదు, ఎందుకంటే ఏ కార్డైనా అలాగే వేసేది. కానీ కనీస చెల్లింపు కట్టాం కదా అన్న ధీమా మరోసారి రాకుండా, ఉంచుకునే కార్డుకు పూర్తి బిల్లు బ్యాంకు ఖాతా నుంచి తనంతట తానే చెల్లింపు అయ్యేలా ఈ వారమే ఏర్పాటు చేయండి. అది కుదరని నెల వస్తుందనిపిస్తే ఆ నెల రివార్డుల ఆలోచనే పక్కన పెట్టి ఖర్చు తగ్గించండి.

46,000 పాయింట్లను మీరు పొదుపులా చూస్తున్నారు. ఆ చూపు మారాలి. పొదుపు సొమ్ముకు వడ్డీ వస్తుంది, పాయింట్లకు రాదు. వాటి విలువ నిర్ణయించేది వాటిని జారీ చేసినవారే, ఎప్పుడైనా మార్చగలరు. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం (మైళ్లంటే విమాన సంస్థ ఇచ్చే పాయింట్లే) మొదలుపెట్టినప్పుడు, ఎగిరిన దూరాన్ని బట్టే మైళ్లు వచ్చేవి. అక్కడి మరో విమాన సంస్థ యునైటెడ్ కొద్ది రోజుల్లోనే అదే దారి పట్టింది. 2015లో డెల్టా అనే ఇంకో సంస్థ, యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్, దూరాన్ని వదిలేసి టికెట్‌కు పెట్టిన డబ్బును బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఏ టికెట్‌కు ఎన్ని మైళ్లు కావాలో చెప్పే పట్టికను డెల్టా 2015లోనే తీసేసింది. అప్పటి నుంచి చాలా సంస్థల్లో పాయింట్ల ధర కూడా టికెట్ ధరలాగే రోజురోజుకూ మారుతోంది. నేనూ ఒకప్పుడు ఒక దూర ప్రయాణం కోసం నాలుగేళ్లు మైళ్లు కూడబెట్టాను. కావలసిన మొత్తం చేరే సమయానికి అదే టికెట్‌కు ఒకటిన్నర రెట్లు అడిగారు. ఆ బాధ తెలిసే చెబుతున్నాను.

ఇంతకన్నా ఘోరాలూ జరిగాయి. 2001 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఆన్సెట్ విమానయాన సంస్థ కూలిపోయినప్పుడు, దాని సభ్యులు ఏళ్ల తరబడి దాచుకున్న పాయింట్లు కాగితం విలువ కూడా చేయలేదు. 2017లో జర్మనీ విమాన సంస్థ ఎయిర్ బెర్లిన్ దివాలా తీసినప్పుడు ఆ సంస్థ మైళ్లు దాచుకున్నవారికీ అదే గతి పట్టింది. మరోవైపు 2020లో మహమ్మారి వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు అమెరికాలోని పెద్ద సంస్థలు తమ మైళ్ల పథకాలనే తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పులు తెచ్చుకున్నాయి. సంస్థకు అంత విలువైన ఆస్తి సభ్యుడి చేతిలో మాత్రం గడువు తేదీ ఉన్న మాట మాత్రమే. అందుకే పాయింట్లు వచ్చిన ఏడాది రెండేళ్లలో వాడేయడం మంచిదని నా గట్టి నమ్మకం.

లాంజ్ నిబంధన కఠినం కావడం, రుసుము పెరగడం మీరు ఏదో తప్పు చేయడం వల్ల జరిగింది కాదు. కార్డుతో కొన్న ప్రతిసారీ దుకాణదారు తన బ్యాంకుకు కొంత శాతం చెల్లిస్తాడు. అందులో పెద్ద భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. మీ పాయింట్లకు, లాంజ్‌కు డబ్బు ప్రధానంగా అక్కడి నుంచే వస్తుంది. ఐరోపా సమాఖ్య 2015 డిసెంబరు నుంచి ఆ వాటాను క్రెడిట్ కార్డులకు 0.3 శాతానికి పరిమితం చేసింది. అక్కడ అమెరికా తరహా భారీ రివార్డులు కనిపించకపోవడానికి ఇదొక కారణం. వచ్చే ఆదాయం కన్నా ఇచ్చే సౌకర్యాల ఖర్చు పెరిగినప్పుడు ఏ బ్యాంకైనా కోత పెడుతుంది. నిరుడున్న సౌకర్యం వచ్చే ఏడాది ఉంటుందని అనుకోకండి.

ఇక ఈ ఏడు వారాల్లో చేయవలసినవి. మొదట పాయింట్లు. బ్యాంకు దగ్గరున్న పాయింట్లు కార్డు రద్దయితే సాధారణంగా దానితోపాటే పోతాయి. విమానయాన సంస్థలోని మీ సభ్యత్వ ఖాతాకు బదిలీ చేసుకున్న మైళ్లు మాత్రం కార్డు లేకపోయినా ఆ సంస్థ నిబంధనల మేరకు ఉంటాయి. అయితే సీటు చూసుకోకుండా బదిలీ చేయవద్దు, ఒకసారి పంపిన పాయింట్లు వెనక్కి రావు. బదిలీకి కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగవద్దు. బ్యాంకు వెబ్‌సైటులోనే పాయింట్లతో టికెట్ కొంటే ఇంకో చిక్కుంది. తర్వాత ఆ టికెట్ రద్దు చేసుకుంటే పాయింట్లు మూసేసిన ఖాతాకు తిరిగొచ్చి అక్కడే ఆగిపోవచ్చు.

పాయింట్లు భద్రమయ్యాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. కార్డు వదులుకోవాలనుకుంటున్నానని, రుసుము ఎక్కువైందని నేరుగా చెప్పండి. మొహమాటపడవలసిన పని లేదు, ఏళ్లుగా వాడుతున్న ఖాతాదారును పోగొట్టుకోవడం వారికీ ఇష్టం ఉండదు. రుసుములో తగ్గింపు ఇస్తారేమో అడగండి. మీ లెక్క 72 కాబట్టి, పైన చెప్పిన ఒకటిన్నర రెట్ల చొప్పున 48 లోపు అయితే ఇంకో ఏడాది ఉంచుకోండి. రుసుము తగ్గింపుకు బదులు పాయింట్లు ఇస్తామంటే వాటిని 0.01 చొప్పున లెక్కించి, రుసుము లోంచి తీసేసి, మిగిలింది 48 లోపు ఉందో లేదో చూడండి.

తగ్గించకపోతే, రద్దు చేయించకుండా, ఇదే ఖాతాను అదే బ్యాంకులో రుసుము లేని కార్డుగా మార్చమనండి. ఇది నా మొదటి సలహా. ఖాతా వయసు, పరిమితి సాధారణంగా అలాగే కొనసాగుతాయి. మీ భయం తీరే దారి కూడా ఇదే. స్కోరు పడిపోతుందన్న మాటలో నిజం ఎంత ఉందంటే, మీ రెండు కార్డుల పరిమితి కలిపి 3,000, నెలకు సగటున వాడేది 750, అంటే 25 శాతం. ఈ కార్డుకున్న 1,800 పరిమితి పోతే, అదే 750 మిగిలిన 1,200లో 62.5 శాతం అవుతుంది. పరిమితిలో ఎక్కువ భాగం వాడేస్తున్నారని స్కోరు కొంత తగ్గుతుంది. ఇది శాశ్వతం కాదు, వాడకం తగ్గగానే కోలుకుంటుంది. ఇంటి రుణం అడిగే ముందు మాత్రం ఈ కుదుపు వద్దు. రుసుము లేని కార్డుగా మార్చడం కుదరకపోతే, రెండో కార్డు పరిమితి పెంచమని అడిగి, అది పెరిగాక దీన్ని మూసేయండి. స్కోరులో అన్నిటికన్నా బరువైనది సకాలంలో చెల్లింపు. ఆ విషయంలో మీరు కనీస మొత్తమైనా ఏ నెలా తప్పలేదు, అది మీకు మేలు చేస్తుంది.

మూసేయవలసే వస్తే, ఈ కార్డు మీద నెలనెలా పడే చెల్లింపులన్నీ రెండో కార్డుకు మార్చి, రద్దు చేసిన టికెట్ల డబ్బు ఏదైనా దీనికి తిరిగి రావలసి ఉందేమో చూడండి. బాకీ సున్నా అయ్యాక ఇంకో బిల్లు వచ్చేదాకా ఆగండి, మిగిలిపోయిన వడ్డీ ఏమైనా ఉంటే అందులో తేలుతుంది. మీ వారి పేర ఉన్న అదనపు కార్డు కూడా పనిచేయదని ఆయనకు ముందే చెప్పండి. ఖాతా మూసినట్టు రాతపూర్వకంగా తీసుకుని, ఇంటి రుణం మంజూరయ్యేదాకా భద్రంగా ఉంచండి. రుసుము పడ్డాక రద్దు చేస్తే తిరిగిచ్చే గడువు కొన్ని బ్యాంకుల్లో ఉంటుంది, కానీ దాని మీద ఆధారపడకుండా తేదీకి పది రోజుల ముందే ముగించండి.

చివరగా నాన్నగారు. మీకు మనసొప్పకపోవడానికి అసలు కారణం ఆ రోజు జ్ఞాపకమని నాకు అర్థమైంది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అక్క దగ్గరికి వెళ్లే టికెట్‌కు మీరు రాసిన ధర 550. పాయింట్లతో అయితే 32,000 పాయింట్లు, చేతి నుంచి 110. అంటే పాయింటుకు 0.014 దాకా వస్తోంది, మీ చేతిలో ఉన్న వాడకాల్లో ఇంతకన్నా మంచిది లేదు. ఆయనకు పిల్లల సెలవులతో పని లేదు కాబట్టి రద్దీ లేని నెలలో సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఆ పాయింట్లతో ఆయన్ను అక్క దగ్గరికి పంపించండి. మిగిలిన 14,000లో 10,000 మీ తర్వాతి ప్రయాణానికి, సీటు చూసుకున్నాక, విమాన సంస్థ ఖాతాలో వేసుకోండి. 4,000 బిల్లులో సర్దుబాటు చేయించుకోండి, 20 తగ్గుతుంది. ఆయన బయలుదేరే రోజు లాంజ్‌లో కాసేపు కూర్చోబెట్టాలనిపిస్తే, గుమ్మం దగ్గర కట్టేందుకు డబ్బు ఆయన చేతికిచ్చి పంపండి. ఆ ఒక్క రోజుకు అయ్యే ఖర్చు మీరు కట్టబోయిన రుసుములో చిన్న భాగమే.